కత్తి పిడికి ‘కఠిన చెక్క’ కాదు, చేవ

సందేహం: చేత్తో తయారుచేసే కత్తుల పిడులకు కలప ఎంచుకోవడం గురించి వ్యాసం రాస్తున్నాను. ‘ఎగ్జాటిక్ హార్డ్‌వుడ్’ను ‘అన్యదేశ కఠిన చెక్క’ అనీ, ‘పర్పుల్‌హార్ట్’ను ‘ఊదా హృదయం’ అనీ రాశాను. చదువుకుంటే నాకే కృతకంగా ఉంది. హ్యాండిల్ అనాలా, పిడి అనాలా అన్నది కూడా తేలడం లేదు.

సమాధానం: నిస్సందేహంగా పిడి అనండి. పిడికిలి, పిడికెడు, పిడిగుద్దు అన్న మాటల్లో ఉన్న పట్టే పిడిలోనూ ఉంది. గొడ్డలికి కామ, గరిటెకు కాడ, కత్తికి పిడి. దేని పేరు దానికున్న భాషలో అన్నింటినీ హ్యాండిల్ అనేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. పిడికి రెండు వైపులా బిగించే ‘స్కేల్స్’ను పొలుసులు అనకండి, అవి పిడి చెక్కలు.

ఇక ‘హార్డ్‌వుడ్’. వృక్షశాస్త్రంలో ఈ మాటకు గట్టిదనంతో సంబంధం లేదు. పైన్ వంటి సూదాకుల చెట్ల కలప కానిదల్లా, అంటే వెడల్పాటి ఆకుల చెట్ల కలప, హార్డ్‌వుడ్డే. గోటితో నొక్కితే సొట్ట పడే బల్సా చెట్టు కలప కూడా ఆ లెక్కలోకే వస్తుంది. కాబట్టి ‘కఠిన చెక్క’ శాస్త్రానికీ సరిపడదు, చెవికీ ఇంపుగా ఉండదు. పిడి చేసేవారికి కావలసింది బెరడు కింది లేత భాగం కాదు, మాను నడిమి ముదురు భాగం. దానికి మనకు చక్కటి మాట ఉంది: చేవ. ‘చేవదేరిన మాను’ అంటాం, సత్తువ ఉన్న మనిషిని ‘చేవగలవాడు’ అంటాం. మీ సందర్భానికి ‘చేవగల కలప’ సరిగ్గా అమరుతుంది.

మీ ‘ఊదా హృదయం’ చిక్కు కూడా ఇక్కడే వీడిపోతుంది. అక్కడ ‘హార్ట్’ అంటే గుండె కాదు, చేవే. అప్పుడే కోసిన ఆ చెక్క గోధుమరంగులో ఉండి, గాలి తగిలాక ఊదారంగుకు తిరుగుతుంది. ‘ఊదాచేవ’ అనండి. ‘రోజ్‌వుడ్’ను మాత్రం ‘గులాబీ చెక్క’ చేయకండి. అది గులాబీ మొక్కది కాదు. కోసినప్పుడు వచ్చే పరిమళాన్ని బట్టి వచ్చిన పేరు. ఆ జాతి చెట్లలో ఒకదానికి తెలుగులో జిట్రేగి అన్న పేరు ఉండనే ఉంది.

‘ఎగ్జాటిక్’ అన్న మాటకు గ్రీకు మూలంలో బయటిది అనే అర్థం. ‘దూరదేశపు’ అంటే చాలు. ‘అరుదైన’ అని మాత్రం రాయవద్దు, అది వేరే సంగతి. రోజ్‌వుడ్ చెట్లు చేరిన డాల్బెర్జియా ప్రజాతి మొత్తాన్నీ 2017లో అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ కిందికి తెచ్చారు. అరుదు అన్న మాటను అటువంటి చోటికి దాచుకోండి.

ఇవన్నీ కలిపితే మీ వాక్యం ఇలా నడుస్తుంది: ‘పిడికి దూరదేశపు చేవగల కలప ఎంచుకునేటప్పుడు ముందు అది బాగా ఆరిందో లేదో చూడండి. పచ్చి చెక్కను బిగిస్తే ఆరేకొద్దీ అది కుంచించుకుపోతుంది, లోపలి లోహపు అంచు పైకి తేలి వేళ్లకు గుచ్చుకుంటుంది.’