బాలసాహిత్యంలో పరిశోధనకు వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు. ఎమ్మే అయ్యాక బాలసాహిత్యం మీదే పీహెచ్‌డీ చేస్తానని రాశావు. చాలా సంతోషం. 'పిల్లల కథల మీద పరిశోధనేమిటి' అని అడిగేవాళ్లు ఉంటారు. వాళ్లకు జవాబు చెప్పే పని పెట్టుకోకు, అంశం గట్టిగా ఎంచుకో.

'తెలుగు బాలసాహిత్యం - సమగ్ర పరిశీలన' అని మాత్రం నమోదు చేయించుకోవద్దు. అలాంటి శీర్షిక కింద మొదటి అధ్యాయం నిర్వచనాలకు, రెండోది చరిత్రకు, మూడోది కథల సారాంశాలకు, నాలుగోది 'నైతిక విలువల'కు పోతుంది. నీ మాట చెప్పడానికి చోటే మిగలదు. ఒక కాలం, ఒక పత్రిక లేదా ఒక ప్రక్రియ, ఒక ప్రశ్న, ఈ మూడూ శీర్షికలోనే కనబడాలి. 'పిల్లల పత్రికల్లో రాక్షసుడు ఎప్పుడు భయపెట్టాడు, ఎప్పుడు నవ్వించాడు' అన్నది ప్రశ్న. 'పిల్లల పత్రికల్లో పాత్రచిత్రణ' అన్నది ప్రశ్న కాదు.

'చందమామ' తీసుకుందామనుకుంటే ముందు లెక్క వేసుకో. 1947 జులైలో మొదలైన మాసపత్రిక అది. పదేళ్లు తీసుకున్నా 120 సంచికలు. సంచికకు పది కథలనుకుంటే 1,200. అన్నిటినీ శ్రద్ధగా చదివి పట్టికలోకి ఎక్కించడం ఒక్క మనిషి వల్ల కాదు. ఏడాదికి రెండే సంచికలని ఖాయం చేసుకుంటే 20 సంచికలు, 200 కథలు. అది చేయగలిగిన పని. పండగ నెలల్లో పండగ కథలు ఎక్కువ పడతాయి కాబట్టి నెలలు మారుస్తూ పో: మొదటి ఏడు జనవరి, జులై, రెండో ఏడు ఫిబ్రవరి, ఆగస్టు, అలా. నచ్చిన సంచికలు ఏరుకున్నావంటే నీకు కావలసిన జవాబే వస్తుంది, అది పరిశోధన అనిపించుకోదు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. ఆ పత్రికలో చాలా కథలకు రచయిత పేరు ఉండదు. దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్లు కూడా పేరు లేకుండానే వచ్చాయి. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా పత్రికను నడిపిన కొడవటిగంటి కుటుంబరావు గారు, వచ్చిన కథలను తిరగరాసి వేసేవారు. కింద పేరున్న కథలో కూడా వాక్యం ఎవరిదో తేల్చి చెప్పలేం. అందుకని 'ఈ రచయిత శైలి' అని కాకుండా 'ఈ పత్రిక వచనం' అని రాయి. చిన్న మార్పే, కానీ వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, పరీక్షకులు పట్టుకునేది సరిగ్గా అక్కడే.

పాత పిల్లల పుస్తకాల మీద చాలాసార్లు ప్రచురణ సంవత్సరం ఉండదు. అయినా పుస్తకమే కొంత చెబుతుంది. ధర అణాల్లో ఉంటే చాలావరకు 1957 ఏప్రిల్‌కు ముందుది. 'న.పై.' (నయా పైసలు) అని ఉంటే 1957-64 మధ్యది, ఎందుకంటే ఆ తర్వాత 'నయా' అన్న మాట తీసేసి ఉత్త పైసలన్నారు. ప్రచురణకర్త చిరునామాలో ఆరంకెల పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. ఊరు మద్రాసు కాక చెన్నై అని ఉంటే 1996 తర్వాతది. అయితే మిగిలిపోయిన పుస్తకాలకు కొత్త అట్ట వేసి, కొత్త ధర ముద్ర కొట్టి అమ్మడం ఉండేది. అట్ట మీద ఒకటి, లోపలి పేజీలో ఒకటి కనబడితే రెండూ రాసుకో. 'ఫలానా ఏడాదికి ముందుది కాదు' అనడం వేరు, 'ఫలానా ఏడాదిది' అనడం వేరు.

పాత సంచికల కోసం వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం, హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, చెన్నైలో కన్నెమరా గ్రంథాలయం చూడు. బైండు చేయించేటప్పుడు అట్టలు, ప్రకటనల పేజీలు తీసేసి ఉంటారు, నీకు అవీ కావాలి. బిస్కెట్లు, పెన్సిళ్ల ప్రకటనలు చూస్తే పత్రిక కొన్నదెవరో, ఏ ఇంట్లో చదివారో తెలుస్తుంది. విడి సంచికలు ఉన్నాయేమో తప్పకుండా అడుగు. నెట్‌లో దొరికే స్కాన్లలో పేజీలు ఎగిరిపోయి ఉంటాయి, ఆ సంచికను లెక్కలోకి తీసుకునే ముందు పేజీ అంకెలు వరసగా ఉన్నాయో లేదో సరిచూసుకో.

బొమ్మల గురించి 'ఆకర్షణీయంగా ఉన్నాయి' అని రాస్తే ఆ పేరా దండగ. కథలో లేనిది బొమ్మలో ఏముంది? రాక్షసుడు వాక్యంలో ముందు వచ్చాడా, బొమ్మలో ముందు వచ్చాడా? పేజీ తిప్పకముందే పిల్లవాడికి రహస్యం తెలిసిపోతోందా? 'చందమామ' చిత్రకారులు చిత్రా, శంకర్ బొమ్మల్ని ఈ మూడు ప్రశ్నలతో పక్కపక్కన పెట్టి చూడు.

పాటల వైపు వెళ్లాలనుకుంటే, అచ్చులో చూసి గణాలు కట్టొద్దు. 'చెమ్మ చెక్క చారడేసి మొగ్గ' తీసుకో. చెమ్మ, చెక్క, చార, డేసి, మొగ్గ: ఒక్కోటి మూడు మాత్రలు (పొట్టి అక్షరానికి ఒకటి, దీర్ఘానికి, సున్నా ఉన్నదానికి, వత్తుకు ముందున్నదానికి రెండు), చప్పట్లతో సరిగ్గా సరిపోతుంది. తర్వాతి పాదం 'అట్లు పొయ్యంగ, ఆరగించంగ'. కాగితం మీద లెక్కపెడితే 'పొయ్యంగ' అయిదు మాత్రలే, నడక కుంటుతుంది. పిల్లలు పాడేటప్పుడు 'పొయ్యంగా' అని చివర సాగదీస్తారు, ఆరయిపోతుంది. 'ఆరగించంగా' కూడా అంతే, ఎనిమిది కాస్తా తొమ్మిదవుతుంది. ఇది చూడక 'ఛందస్సు తప్పింది' అని రాసేవాళ్లున్నారు. తప్పింది పాట కాదు, అచ్చు. అందుకని ముందు ఆటతో సహా రికార్డు చెయ్యి, చప్పట్లు ఎక్కడ పడుతున్నాయో గుర్తుపెట్టు, ఆ తర్వాతే మాత్రలు లెక్కపెట్టు. ఊరూరికీ పాఠం మారుతుంది. ఏది అసలుదని తేల్చే పని నీది కాదు, తేడాలన్నీ ఉంచు.

సిద్ధాంతాల్లో ఒకటి నీకు బాగా పనికొస్తుంది. పిల్లల పుస్తకంలో కథ చెప్పే గొంతు ఎవరితో మాట్లాడుతోందన్నదాన్ని బాలసాహిత్య విమర్శకురాలు బార్బరా వాల్ 1991లో మూడు రకాలుగా విడదీశారు: పిల్లలతోనే మాట్లాడేది, పిల్లల తల మీదుగా పెద్దలకు సైగ చేసేది, ఇద్దరితో ఒక్కసారే మాట్లాడేది. 'బుడుగు'ను ఈ మూడింటితో పరీక్షించి చూడు. మాట్లాడేది పిల్లవాడే, నవ్వేది ఎవరన్నది పేజీ పేజీకీ మారుతుంది.

పిల్లలతో కూర్చుని చేసే పని ఉంటే, బడి అనుమతి, తల్లిదండ్రుల సంతకం ముందే తీసుకో. పిల్లల్ని కూడా అడుగు, వద్దన్న పిల్లను వదిలెయ్యి. సిద్ధాంతగ్రంథంలో పేర్లు రాయకు, అంకెలు వెయ్యి. ఒక్కసారి ఆరుగురు, అరగంట, అంతకు మించితే గోల. టీచరు గదిలో లేకుండా చూసుకో. 'కథ బాగుందా' అంటే అందరూ 'బాగుంది' అంటారు. 'నీతి ఏమిటి' అంటే పరీక్ష అనుకుని బట్టీపట్టింది ఒప్పజెబుతారు. కథ వినని పిల్లను ఒకరిని పిలిచి, విన్నవాళ్లను ఆమెకు చెప్పమను. ఏది వదిలేశారో, ఏది పెంచారో, ముగింపు ఎలా మార్చారో అందులోనే ఉంటుంది నీ సమాచారం. వాళ్ల మాట వాళ్ల యాసలోనే ఎక్కించు, పాఠ్యపుస్తకం తెలుగులోకి దిద్దకు.

నియమాల సంగతి క్లుప్తంగా. యూజీసీ 2022 నిబంధనలతో ఎంఫిల్ పోయింది. పీహెచ్‌డీకి కోర్స్‌వర్కుతో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. కోర్స్‌వర్కు కనీసం 12 క్రెడిట్లు. అంశం ఖాయం చేసే ముందు, పీహెచ్‌డీ గ్రంథాలు నెట్‌లో పెట్టే శోధ్‌గంగలో 'బాలసాహిత్యం', 'బాల సాహిత్యం' రెండు రకాలుగానూ, ఇంగ్లీషు అక్షరాలతోనూ వెతుకు. పాత తెలుగు గ్రంథాలు చాలావరకు 'అను' అనే, యూనికోడ్ కాని ఫాంట్లలో కొట్టినవి, లోపలి మాటలు వెతుకులాటకు దొరకవు, విషయసూచిక తెరిచి చూడాల్సిందే. నువ్వు మాత్రం మొదటి రోజు నుంచీ యూనికోడ్‌లోనే టైపు చెయ్యి. చివర్లో మార్చబోతే వత్తులు చెదిరిపోయి దిద్దుకోవడానికే నెలలు పడుతుంది.

ముందుగా ఒక్క సంచిక తీసుకుని పట్టిక నింపు: కథ పేరు, పేజీలు, రచయిత పేరు ఉందా లేదా, చోటు, ప్రధాన పాత్ర వయసు, ఆడా మగా, బొమ్మ ఏ ఘట్టానికి వేశారు, ముగింపులో నీతివాక్యం విడిగా ఉందా. నింపి నాకు పంపు. ఏ గడి ఊరికే ఖాళీగా ఉండిపోతుందో, ఏ గడిలో అన్నీ ఇరుక్కుపోతున్నాయో చూసి, మిగతా 19 సంచికలకూ గడులు మారుద్దాం.