నాగావళి అని రాయించు, నాగవల్లి కాదు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడిని పెద్దమ్మ ఆశీర్వదించి రాయునది,

పాపకి నాగావళి అని పేరు ఖాయం చేశారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఏటి పేరు! ఎంత సంబరమో. వెంటనే గుబులూ పట్టుకుంది.

అనూరాధ మొదటి పాదానికి ‘నా’ అక్షరమే, కుదిరింది. పళ్లెంలో బియ్యం, ఉంగరంతో రాయడం మీ అత్తగారు చూసుకుంటారు.

అర్థం అడిగితే తడుముకోకు. నాగ, ఆవళి కలిసిన మాట, పాముల వరస. ఒడిశా కొండల్లోంచి మెలికలు తిరుగుతూ దిగొచ్చే ఏటికి తగిన పేరే. పాము అనగానే మొహం చిట్లించేవాళ్లకి ఏటి రెండో పేరు చెప్పు, లాంగుల్య. లాంగలం అంటే నాగలి. బలరాముడు నాగలితో చాలు తీస్తే ఈ ఏరు పుట్టిందనీ, శ్రీకాకుళంలో ఉమారుద్ర కోటేశ్వరుణ్ణి ఆయనే ప్రతిష్ఠించాడనీ స్థలపురాణం.

నా భయమంతా జనన ధ్రువపత్రం కాగితం దగ్గర. రాసేవాడు చెవిన పడ్డట్టు ‘నాగవల్లి’ అని కొట్టేస్తాడు. అది తమలపాకు తీగ, పెళ్లిలో జరిపే తంతు పేరు కూడా. ‘గా’కి దీర్ఘం పోయి ‘ళి’ కాస్తా ‘ల్లి’ అయితే ఏరే మాయం. ఇంగ్లీషులో దీర్ఘమూ కనబడదు, ళకారమూ కనబడదు. తేడా చెప్పేది ఎల్ ఒక్కటే. ఒకటుంటే మన ఏరు, రెండుంటే తమలపాకు. నోటితో చెప్పి ఊరుకోకు, రెండు భాషల్లోనూ చీటీ మీద రాసి ఇవ్వు. ముద్ర పడకముందే అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువు.

మన ఇళ్లలో పాత తప్పు ఇంకోటుంది. ఉయ్యాల్లో మామ్మ పేరు, ఆస్పత్రి కాగితంలో ఒకటి, బడిలో మరోటి. ఆనక పిల్ల ఆ మూడూ తనేనని రుజువు చేసుకోలేక తిరుగుతుంది. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకి బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. మామ్మ పేరు కావాలంటే ముద్దుగా పిలుచుకోండి, ఎక్కడా ఎక్కించకండి. జననం 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. అప్పటికి పేరు తేలకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయొచ్చు, ఏడాదిలోపు రుసుము లేకుండా చేరుస్తారు. తొందరపడి ఏదోటి రాయించావో, ఊరుకోను సుమా!

బాలింతవి, ఎండలో ఆఫీసుకి నువ్వు వెళ్లకు తల్లీ, అల్లుడిని పంపు. కాగితం చేతికి రాగానే ఫోటో తీసి పెట్టు. ‘ళి’ కళ్లారా చూసుకోవాలి.

మీ పెద్దమ్మ