చదివించి మళ్లీ రేవుకే పంపాలా?

గోపాల్‌పూర్ దగ్గరి తీరం నుంచి ఒక తండ్రి రాశారు: "మా అమ్మాయి బరంపురంలో ప్లస్ టూ సైన్స్ చదువుతోంది. సముద్రంలో చేపలు ఏ మేరకు ఉన్నాయో, ఎంతవరకు పట్టొచ్చో తేల్చే సైంటిస్టు అవుతానంటోంది. బంధువులేమో బయోటెక్నాలజీ అంటున్నారు. వేట చూస్తే ఏటేటా తగ్గిపోతోంది. రెంటిలో ఏది మంచిది?"

అయ్యా, మీ దిగులు కోర్సుల గురించి కాదు. తరతరాలుగా వల లాగాం, పిల్లయినా ఈ రేవు దాటి బతకాలన్నదే మీ టెన్షన్. మన తీరపు ఇళ్ల నుంచి ఈ మాట నేను మళ్లీ మళ్లీ వింటున్నాను. ఆ కోరికలో తప్పు లేదు. కానీ "చదివీ మళ్లీ చేపలేనా" అని అమ్మాయి ముందు అనకండి. ఇల్లు నడిపిన వృత్తిని మీరే చులకన చేస్తే ఎలా?

వేట తగ్గింది కాబట్టి ఈ చదువుకు దారి లేదనుకోవడం తలకిందుల లెక్క. తగ్గింది కాబట్టే ఆ పని తెలిసినవాళ్లు కావాలి. బోటు ఒడ్డుకు రాగానే ఈ సైంటిస్టులు ఏ వల వేశారు, ఎన్ని గంటలు వేటాడారు, ఎంత పడింది అని రాసుకుంటారు. కుప్పలోంచి కొన్ని కానాగంతలు తీసి పొడవు కొలుస్తారు, తూస్తారు, పొట్ట కోసి గుడ్లు ఏ దశలో ఉన్నాయో చూస్తారు. నెలల తరబడి ఇలా చేస్తేనే చేప ఏ సైజులో తొలిసారి గుడ్లు పెడుతుందో, మన వేట దాని ఎదుగుదలను మించిపోతోందో లేదో తెలుస్తుంది. వల కన్ను ఎంతుండాలి, ఏ సైజు లోపు చేపను పట్టకూడదు అన్న సలహాలు ఈ కొలతల నుంచే వస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట ఆపమంటే మీరంతా విసుక్కుంటారు. ఎందుకో మన భాషలో కూర్చోబెట్టి చెప్పే సైంటిస్టు మన పిల్లే అయితే ఆ మాట రేవులో ఎంత చెల్లుతుందో ఆలోచించండి. బోటువాళ్లు ఏ లెక్క దాస్తారో కూడా ఆమెకు ఒకరు నేర్పక్కర్లేదు.

బయోటెక్నాలజీ మీద నాకు గట్టి అనుమానాలే ఉన్నాయి. పేరు చూసి ప్రైవేటు కాలేజీలో లక్షలు పోస్తున్నారు. ల్యాబులో నిలదొక్కుకోవాలంటే అక్కడా పీజీ, పీహెచ్‌డీ తప్పవు. డిగ్రీతో ఆగినవాళ్లలో చాలామంది చివరికి ఏ మెడికల్ కోడింగ్‌కో మళ్లుతున్నారు. చేర్చే ముందు బ్రోషర్ పక్కన పెట్టి, నిరుడు బయటికొచ్చిన పిల్లలు ఇప్పుడేం చేస్తున్నారో వాళ్లనే అడగండి. బంధువులు ఫీజు కట్టరు కదా.

చేపల చదువుకు మీ దగ్గరలోనే, రంగైలుండలో 1981 నుంచి ఫిషరీస్ కాలేజీ ఉంది. అక్కడి చేపల శాస్త్రం డిగ్రీ బీఎఫ్‌ఎస్‌సీ నాలుగేళ్లు. పీజీకి ముంబైలో కేంద్ర మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్‌ఈ ఉంది. సముద్రపు చేపల మీద పరిశోధన చేసే సీఎంఎఫ్‌ఆర్‌ఐకి కొచ్చిలో ప్రధాన కార్యాలయం, విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. సైంటిస్టు పోస్టులు కొద్దిగానే ఉంటాయి, మొదటి కొన్నేళ్లు కాంట్రాక్టు ప్రాజెక్టుల్లో గడవొచ్చు. అంతదాకా వెళ్లకపోయినా మత్స్యశాఖ, బ్యాంకులు, హేచరీలు, మేత కంపెనీలు ఈ డిగ్రీని తీసుకుంటాయి, కాబట్టి పిల్ల రోడ్డున పడుతుందన్న భయం వద్దు. ఒక్కటి మాత్రం చూసుకోమనండి: ఈ పరిశోధనలో సగం పని స్టాటిస్టిక్సే. బయాలజీ ఉంది కదా అని లెక్కలు వదిలేయకూడదు.

సెలవుల్లో ఆమెను రంగైలుండ తీసుకెళ్లండి. సీనియర్లతో ఆమెనే మాట్లాడనివ్వండి.