డాక్టర్ సలహా: మెడ వైద్యానికి మూడు పేర్లు సరే.. గుండీల సంగతేంటి?

ప్రశ్న: నా వయసు 54. ఎనిమిది నెలలుగా మెడ నొప్పి. ఎక్స్‌రే తీస్తే అరుగుదల ఉందన్నారు. ఇప్పటికి ముగ్గురి దగ్గరికి వెళ్లాను. ఫిజియోథెరపిస్ట్ ‘గ్రేడ్ 3 మొబిలైజేషన్’ అని రాశారు. తర్వాత చూసిన కైరోప్రాక్టర్ (వెన్నెముక కీళ్లను చేతులతో సరిచేసే చికిత్సకుడు) ‘సీ5 సబ్‌లక్సేషన్, అడ్జస్ట్‌మెంట్’ అని రాశారు. మూడో ఆయన ‘మానిప్యులేషన్ చేయాలి’ అంటున్నారు. ఇవన్నీ ఒకటేనా? అందరూ ఒకే పేరు వాడొచ్చు కదా? నాకు ఏది మంచిది? సిట్టింగ్‌లో నొప్పి తెలియకుండా ముందే పెయిన్ కిల్లర్ వేసుకుని వెళ్తున్నాను. ఈ మధ్య వేళ్లు మొద్దుబారి చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పడుతోంది. దిండు మార్చమంటారా?

జవాబు: గుండీల దగ్గర నుంచే మొదలుపెడతాను. దిండు గురించి అడగబోతూ మీరు ఆ మాట అలా అనేసి వదిలేశారు. నేను ఆగి రెండోసారి చదివింది ఆ వాక్యమే.

మెడ నొప్పి ఉన్న మనిషికి వేళ్లతో చేసే సన్నపనులు కష్టమవుతున్నాయంటే, వెన్నుపాము మీద ఒత్తిడి పడుతోందేమో అని ముందు చూడాలి. దీన్ని సర్వైకల్ మైలోపతీ అంటాం. అరిగిన డిస్కులు, పెరిగిన ఎముక కొసలు, మందపడిన లిగమెంట్లు అన్నీ కలిసి వెన్నుపాము వెళ్లే దారిని ఇరుకు చేస్తాయి. కొందరికి నొప్పి పెద్దగా ఉండదు కూడా. గుండీ పెట్టుకునేటప్పుడో, తాళం తీసేటప్పుడో, సంతకం చేసేటప్పుడో తేడా తెలుస్తుంది. నడిస్తే తూలినట్టు ఉండటం, కాళ్లు బిగుసుకుపోవడం, మెడ వంచితే వెన్ను పొడవునా కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం కూడా ఇందులో ఉంటాయి. మీకు ఇదే ఉందని నేను అనడం లేదు. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయినా, షుగర్ ఉన్నా, బి12 తగ్గినా వేళ్లు మొద్దుబారతాయి. చూడకుండా తేల్చే విషయం కాదిది. అది తేలేదాకా మాత్రం మీ మెడ మీద ఎవరూ చెయ్యి వేయకూడదు.

ఓపీలో మేం చేయించే చిన్న పరీక్ష ఒకటుంది. గుప్పిట పూర్తిగా మూసి, పూర్తిగా తెరవాలి. అలా 10 సెకన్లపాటు ఎంత వేగంగా చేయగలిగితే అంత వేగంగా. మామూలుగా 20 సార్లు, అంతకన్నా ఎక్కువే చేస్తారు. వెన్నుపాము నలుగుతున్నవాళ్లలో ఆ లెక్క తగ్గుతుంది, వేళ్లు పూర్తిగా చాచుకోవు. ఇంట్లో చేసుకుని ‘20 వచ్చాయి, నాకేం లేదు’ అని మాత్రం కూర్చోకండి. ఇది అనుమానం పెంచే పరీక్షే కానీ అనుమానం తీర్చేది కాదు. తీర్చాలంటే నరాల పరీక్ష, అవసరమైతే మెడ ఎమ్మారై కావాలి. మీ చేతిలో ఉన్న ఎక్స్‌రేలో ఎముకలు కనిపిస్తాయి, వెన్నుపాము కనిపించదు.

ఇక పేర్ల సంగతి. మీ చిరాకు న్యాయమైనదే. మొబిలైజేషన్ అంటే కీలును మెల్లగా, లయగా కదపడం. ‘ఆపండి’ అని మీరంటే ఆగుతుంది. మానిప్యులేషన్ అంటే సాధారణంగా కీలు కదలిక చివర్లో ఒక్కసారిగా, తక్కువ దూరంలో ఇచ్చే వేగమైన తోపు. ‘ఆపండి’ అనేలోపే అయిపోతుంది. నాకు ముఖ్యమైన తేడా ఇదే. కైరోప్రాక్టర్లు ‘అడ్జస్ట్‌మెంట్’ అనేది చాలాసార్లు ఈ తోపునే, అయితే పరికరంతోనో, బల్ల మీద నెమ్మదిగా సాగదీసో చేసేవాటినీ ఆ పేరుతోనే పిలుస్తారు. ఇక గ్రేడ్ అంటే కీలును కదిపే స్థాయి. గ్రేడ్ 3 అంటే ఎవరి గ్రేడ్ 3? ఫిజియోథెరపీలో రెండు పద్ధతులున్నాయి. మైట్లాండ్ పద్ధతిలో మొబిలైజేషన్‌కి నాలుగు గ్రేడ్లు, తోపుని ఐదోది అంటారు. కాల్టెన్‌బోర్న్ పద్ధతిలో మొత్తం మూడే. ఒకే అంకె, రెండు వేర్వేరు పనులు.

సబ్‌లక్సేషన్ అనే మాట ఇంకా తికమక. సీ5 అంటే మెడలో ఐదో ఎముక, అంతే. నాలాంటి డాక్టర్‌కి అది కీలు కొంత పక్కకి జరగడం, స్కానింగ్‌లో కనబడాలి. కైరోప్రాక్టర్ భాషలో అది కీలు పనితీరులో లోపం, ఫొటోలో కనబడాల్సిన పనిలేదు. ఈ రెండూ వేరని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో కైరోప్రాక్టిక్ మీద తెచ్చిన మార్గదర్శకాల్లోనే రాసింది. కాబట్టి ఆ కాగితం చూసి ‘ఎముక జారిపోయింది’ అని టెన్షన్ పడొద్దు. తోపులో టక్‌మని చప్పుడొస్తే ఎముక సర్దుకుందనీ అనుకోవద్దు. మెటికలు విరిచినప్పుడు వచ్చే చప్పుడు లాంటిదే అది.

ఒకే భాష కోసం ప్రయత్నాలు జరగలేదా అంటే, జరిగాయి. అమెరికాలోని ఆర్థోపెడిక్ మాన్యువల్ ఫిజికల్ థెరపిస్టుల అకాడమీ 2008లో పేర్ల గొడవ వదిలేసి ఆరు విషయాలు రాయమంది: ఎంత వేగంతో చేశారు, కదలిక పరిధిలో ఎక్కడ చేశారు, ఏ దిక్కుకి, ఏ భాగం మీద, దేని మీద ఏది కదలాలని, పేషెంట్‌ని ఎలా ఉంచి. మీరూ అదే చేయండి. పేరు అడగకండి, ‘నా మెడని ఎటు, ఎంత వేగంగా తిప్పుతారు, మధ్యలో నేను ఆపమనొచ్చా’ అని అడగండి.

ఇప్పుడు నాకు కోపం తెప్పించిన విషయం. పెయిన్ కిల్లర్ వేసుకుని సిట్టింగ్‌కి వెళ్లడం ఏమిటండీ? చేసే మనిషి ఎంత దూరం కదపాలో మీ నొప్పిని బట్టి, కీలు బిగువుని బట్టే ఆగుతూ చూసుకుంటారు. మీరు ముందే మాత్ర వేసుకుని ఆ నొప్పిని చెరిపేసి వెళ్తే వాళ్లకి తప్పుడు లెక్క ఇచ్చినట్టే. పైగా మాత్ర సంగతి వాళ్లకి చెప్పారా? చెప్పి ఉండరు, నాకు తెలుసు. ఎనిమిది నెలలుగా ఇలా వాడుతుంటే కడుపులో పుండ్లు, కిడ్నీలు, బీపీ అన్నీ చూడాల్సిందే. ఏ మాత్ర, రోజుకి ఎన్నో మీరు రాయలేదు. డాక్టర్ దగ్గరికి ఆ ఖాళీ స్ట్రిప్ తీసుకెళ్లండి. రక్తం పలచబడే మందులు, ఎక్కువకాలం స్టెరాయిడ్లు వాడి ఉంటే అదీ చెప్పండి. స్టెరాయిడ్లతో బలహీనపడిన ఎముక మీద తోపు పడితే విరగొచ్చు.

ఈ చికిత్సలన్నీ చెడ్డవని కాదు. మామూలు మెడ పట్టుకి చాలామందికి ఉపశమనం ఇస్తాయి, నేనూ పంపిస్తుంటాను. నరాల బలహీనత పెరుగుతున్నప్పుడు మాత్రం తోపు పనికిరాదు.

ఈ వారంలోనే న్యూరాలజిస్ట్‌నో, వెన్నెముక సర్జన్‌నో కలవండి. బుక్ చేసుకున్న సిట్టింగ్ ఉంటే మానుకోండి. ఈలోపు నడక తూలినా, మూత్రం ఆగిపోయినా, అదుపు తప్పినా, లేదా మెడ తిప్పించుకున్నాక ఎన్నడూ లేని తలనొప్పి, మాట తడబాటు, రెండుగా కనబడటం లాంటివి వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

దిండు సంగతి ఎమ్మారై వచ్చాక చూద్దాం.