పికప్పులో రేడియో పెట్టుకోబోతున్న మేనల్లుడికి

టెక్కలి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బండిలోంచి దూరాన ఉన్నవాళ్ళతో మాట్లాడే రేడియోల మీద నువ్వు పంపిన వీడియోలు చూశాను. అమెరికాలో పికప్పు వెనక మనిషిని మించిన యాంటెనా, సీటు కింద 500 వాట్ల యాంప్లిఫయర్, దాని ఆకలి తీర్చడానికి బానెట్ కింద రెండో బ్యాటరీ. అదే సరుకు ఆన్‌లైన్‌లో తెప్పించి నీ బొలేరోకి ఎలా బిగించాలో చెప్పమన్నావు. బిగించే పని చెబుతాను గానీ, ఆ యాంప్లిఫయర్ మాత్రం కొనకు. నువ్వు డబ్బు కట్టేలోపే ఈ మాట అందాలని ఇవాళే కూర్చుని రాస్తున్నాను.

మన దేశంలో 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న సిటిజన్ బ్యాండ్‌ని, అంటే మామూలు జనం మాట్లాడుకునే సీబీని, లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని 2005లో నియమాలు వచ్చాయి. అయితే ఆ వెసులుబాటు 5 వాట్ల లోపు ఉండి, యాంటెనా సెట్‌లోనే ఉన్న చిన్న పరికరాలకే. కప్పు మీద వేరే యాంటెనా, సీటు కింద యాంప్లిఫయర్ పెట్టావంటే ఆ నియమం నిన్ను కాపాడదు. ఆ వీడియోల్లో కుర్రాళ్ళు చెప్పకుండా దాటేసిన సంగతి ఇంకోటి ఉంది. వాళ్ళ దేశంలో కూడా సీబీలో మాట పంపే పద్ధతిని బట్టి ఏఎమ్ మీద 4 వాట్లు, సైడ్‌బ్యాండ్ మీద 12 వాట్లే హద్దు. యాంప్లిఫయర్ తగిలించడం అక్కడా నేరమే.

అసలు నీకు కావలసింది ఏమిటో నువ్వే రాశావు. మళ్ళీ తిత్లీ లాంటిది వస్తే ఇంటికి మాట అందాలని. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున ఆ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయాయి, ఫోన్లు మూగబోయాయి. వజ్రపుకొత్తూరు వైపు ఉన్న మనవాళ్ళు క్షేమంగా ఉన్నారో లేదో ఇక్కడ మాకు తెలియలేదు. ఆ బాధ నాకు ఇంకా గుర్తుంది. అందుకే నీ ఆలోచన నాకు నచ్చింది. దారి మాత్రం మార్చుకో. హామ్ లైసెన్సు తీసుకో, అంటే వ్యాపారం కోసం కాకుండా ఆసక్తితో రేడియోలో మాట్లాడుకునేవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చేది.

దానికి టెలికాం శాఖలో రేడియో లైసెన్సులు చూసే డబ్ల్యూపీసీ విభాగం పెట్టే పరీక్ష రాయాలి. పన్నెండేళ్ళు నిండిన ఎవరైనా రాయొచ్చు. కింది మెట్టయిన రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కి మోర్స్ కోడ్ రానక్కర్లేదు. కొంచెం రేడియో సిద్ధాంతం, కొంచెం నిబంధనలు, అంతే. ఐటీఐ చదివినవాడివి, నీకు కష్టం కాదు. లైసెన్సు చేతికి రాకముందు సెట్ కొనకు. బండిలో పెట్టి మాట్లాడే అనుమతి నీ లైసెన్సులో ఉందో లేదో కూడా ముందే అడిగి తేల్చుకో. ఒక్కటి గుర్తుంచుకో, హామ్ రేడియోలో వ్యాపారం మాట్లాడకూడదు. జీడిపిక్కల రేటు, లోడు ఎక్కడ దింపాలి, కిరాయి ఎంత, ఇవన్నీ ఫోన్‌లోనే.

ఇక వాట్ల సంగతి. 5 వాట్ల సెట్ తీసి 50 వాట్లది పెడితే అవతలివాడి సిగ్నల్ మీటరు మీద రెండు ఎస్ గీతలు కూడా పెరగదు. అక్కడి నుంచి 500కి పోయినా పెరిగేది మళ్ళీ అంతే, లాగే కరెంటు మాత్రం పది రెట్లు. పైగా యాంప్లిఫయర్ నీ గొంతునే పెంచుతుంది. అవతలివాడి మాట నీకు వినపడటానికి అది చేసేదేమీ లేదు. యాంటెనా అయితే పంపడానికీ వినడానికీ రెండింటికీ పనికొస్తుంది. ఎత్తు సంగతి కూడా లెక్క వేసి చెబుతాను. హామ్‌లు వాడే 145 మెగాహెర్ట్జ్ దగ్గర రేడియో తరంగం దాదాపు కంటిచూపులాగే పోతుంది. చదును నేల మీద రెండు బళ్ళ యాంటెనాలు రెండేసి మీటర్ల ఎత్తులో ఉంటే పదకొండు పన్నెండు కిలోమీటర్ల దగ్గర భూమి వంపు అడ్డొస్తుంది. అదే ఒక బండి వంద మీటర్ల గుట్ట మీదికి ఎక్కితే నలభై ఏడు దాకా పోతుంది. ఎన్ని వాట్లు పోసినా ఈ తేడా రాదు. తుఫాను ముందు హెచ్చరికలు వస్తున్నప్పుడే మీ ఊరి చుట్టుపక్కల బండి ఎక్కగలిగే ఎత్తు ప్రదేశాలు చూసి పెట్టుకో. సీతంపేట కొండల అవతల ఉన్నవాడితో నేరుగా మాట్లాడాలని మాత్రం ఆశపడకు, కొండ అడ్డం.

యాంటెనా ఎంపికలో తొందర వద్దు. ఇలాంటి కడ్డీ పొడవు తరంగంలో పావు వంతు ఉండాలి. సీబీ వాడే 27 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం అంటే దాదాపు 2.7 మీటర్లు. బొలేరో కప్పు మీద నిలబెడితే నేల నుంచి నాలుగున్నర మీటర్లు దాటుతుంది. మన రైల్వే గేట్ల దగ్గర కట్టిన ఎత్తు గేజి 4.67 మీటర్లు, దాని పైన 25 వేల వోల్టుల తీగ. పల్లెల్లో సాగి వేలాడే కరెంటు తీగలకి ఆ మాత్రం ఎత్తు కూడా ఉండదు. అదే 145 మెగాహెర్ట్జ్‌కి పావు తరంగం అరమీటరు లోపే, నలభై తొమ్మిది సెంటీమీటర్ల స్టీలు కడ్డీ. కొబ్బరి మట్ట తగిలినా వంగి లేస్తుంది. మొదటిసారికి అదే పెట్టు.

పెట్టాల్సిన చోటు క్యాబిన్ కప్పు నడిమధ్య. యాంటెనాలో కడ్డీ సగమే, కింద ఉన్న ఇనప రేకు మిగతా సగం. బంపర్ మీదో, వెనక బాడీ మూల మీదో పెడితే ఆ సగం పోతుంది, సిగ్నల్ ఒక పక్కకే వాలుతుంది. పైగా నువ్వు బస్తాలు కప్పుకంటే ఎత్తుగా పేర్చి బరకం కడతావు. లోడు పక్కనే యాంటెనా ఉంటే ట్యూనింగు మారిపోతుంది. కాబట్టి బాడీ వైపు అంచు నుంచి వీలైనంత దూరంగా, ముందుకు జరిపినా ఫరవాలేదు. అయస్కాంతం మౌంటు సులువే గానీ, దాని కింద ఇసుక, ఉప్పు చేరి రంగు లేచిపోతుంది, తాడు తగిలితే పక్కకి జరుగుతుంది. నీ బండి రోజూ తిరిగేది, రంధ్రం చేసి బిగించే మౌంటే మంచిది. రంధ్రం అంచు కింద వైపు రంగు గీకి మెరిసే ఇనుము కనపడేలా చెయ్యి, మౌంటు పళ్ళు దాన్ని పట్టుకోవాలి. బిగించాక గీకిన చోట తుప్పు పట్టకుండా గ్రీజు రాయి.

మన తీరంలో ఈ చివరి పనే అన్నిటికన్నా ముఖ్యం. భావనపాడు, కళింగపట్నం గాలికి రాగి పచ్చబడిపోవడం నువ్వు చూసే ఉంటావు. కనెక్టరులోకి తేమ దూరిందంటే యాంటెనా కేబులు లోపలి రాగి జడ అంతా నల్లబడుతుంది, బయటికి ఏమీ కనపడదు. కనెక్టర్ల మీద తనకు తానే అతుక్కునే రబ్బరు టేపు సాగదీసి చుట్టు. సిలికాన్ పూస్తే వెనిగర్ వాసన వచ్చే రకం వాడకు, ఆ ఆమ్లం రాగిని తినేస్తుంది. కేబులు తలుపు సందులో నలగనివ్వకు.

ఇప్పుడు కరెంటు. 50 వాట్ల సెట్ మాట్లాడేటప్పుడు సుమారు పన్నెండు ఆంపియర్లు లాగుతుంది. సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి తీసుకోకు, ఆ తీగలు అంత బరువు మోయలేవు. బ్యాటరీ నుంచే నేరుగా రెండు తీగలు లాగు. ప్లస్‌కి ఫ్యూజు బ్యాటరీ పక్కనే, జానెడు దూరం లోపల ఉండాలి, సెట్ దగ్గర కాదు. మధ్యలో తీగ ఎక్కడైనా ఒరుసుకుని బాడీకి తగిలితే, ఫ్యూజు అటు చివర ఉంటే ఏం లాభం? నిప్పు ఇటువైపే పుడుతుంది. 15 లేదా 20 ఆంపియర్ల ఫ్యూజు చాలు. సెట్ కంపెనీ మైనస్‌కి కూడా ఫ్యూజు ఇచ్చి ఉంటే దాన్ని తీసెయ్యకు.

తీగ లావు విషయంలో పిసినారితనం వద్దు. బ్యాటరీ నుంచి సెట్‌కి మూడు మీటర్లు అనుకుందాం, పోనూ రానూ ఆరు. ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల ఇంటి తీగ వేస్తే పన్నెండు ఆంపియర్ల దగ్గర దాదాపు 0.9 వోల్టు దారిలోనే పోతుంది. నాలుగు చదరపు మిల్లీమీటర్లది వేస్తే 0.3 దగ్గర ఆగుతుంది. తుఫాను రాత్రి ఇంజను ఆపి బ్యాటరీ మీద మాట్లాడేటప్పుడు ఆ తేడాకే సెట్ ఆగిపోవచ్చు. రాగి తీగే కొను, బజార్లో రాగిపూత వేసిన అల్యూమినియం తీగలు కూడా అమ్ముతున్నారు, చివర గీకి చూడు. ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య రేకులోంచి తెచ్చేటప్పుడు రంధ్రం అంచు తీగని కోయకుండా రబ్బరు గ్రామెట్ అనే రింగు తప్పనిసరి. మీద ముడతల గొట్టం తొడుగు, స్టీరింగ్ రాడ్డుకీ సైలెన్సర్‌కీ దూరంగా కట్టు. బండి వారంటీలో ఉంటే ముందు షోరూమ్ వాళ్ళకి ఒక మాట చెప్పు.

500 వాట్ల యాంప్లిఫయర్ ఎందుకు వద్దన్నానో ఇక్కడే నీకు అర్థం కావాలి. తిన్న కరెంటులో సగం సిగ్నల్‌గా మారుతుందని వేసుకున్నా అది డెబ్బై ఆంపియర్ల పైన లాగుతుంది. బండిలో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ హెడ్‌లైట్లకీ వైపర్లకీ బ్యాటరీ ఛార్జింగ్‌కీ సరిపోయేలా పెట్టినది. కరెంటు లేని ఊళ్ళో బ్యాటరీ పడుకుంటే, రేడియోతో పాటు బండీ పోతుంది. ఆ రోజు మనుషుల్ని ఆసుపత్రికి చేర్చాల్సింది ఆ బండే.

నీది డీజిలు బండి కాబట్టి రేడియోలో స్పార్క్ ప్లగ్గుల రొద ఉండదు. ఇంజను వేగంతో పాటు సన్నగా ఈల పెరుగుతుంటే అది ఆల్టర్నేటరుది, ఎర్త్ కనెక్షన్లు శుభ్రం చెయ్యి. చౌక మొబైల్ ఛార్జర్లు, ఎల్‌ఈడీ లైట్లు గరగరలాడిస్తాయి, ఒక్కొక్కటి పీకి చూస్తే దొంగ దొరుకుతుంది.

యాంటెనా లేకుండా మైకు బటన్ ఎప్పుడూ నొక్కకు. అన్నీ బిగించాక, యాంటెనా నుంచి పవర్ ఎంత వెనక్కి వస్తోందో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు పెట్టి, బండి చుట్టూ ఖాళీ ఉన్నచోట, తలుపులు మూసి కొలువు. రీడింగు కింది ఫ్రీక్వెన్సీ వైపు తగ్గుతుంటే కడ్డీ పొడవెక్కువ, రెండేసి మిల్లీమీటర్లు కత్తిరించు. పై వైపు తగ్గుతుంటే పొట్టిగా ఉందని అర్థం, కత్తిరించినది మళ్ళీ అతకదు కాబట్టి నిదానంగా పో. ఒకటిన్నర లోపు వస్తే చాలు. రెండు దగ్గర పదకొండు శాతం, మూడు దగ్గర పాతిక శాతం పవర్ వెనక్కి వస్తుంది. మూడు దాటితే సెట్ ఆపి ఎర్త్, కనెక్టరు చూడు. లోడు ఉన్నప్పుడు ఒకసారి, లేనప్పుడు ఒకసారి కొలిచి పుస్తకంలో రాసుకో.

కూలీలు లోడు మీద కూర్చుని వస్తారు కదా, వాళ్ళ తలలు సరిగ్గా ఆ కడ్డీ ఎత్తులోనే ఉంటాయి. ఒక్కడు వెనక ఉన్నా బటన్ నొక్కకు. మాట్లాడేటప్పుడు కడ్డీని ముట్టుకుంటే చర్మం కాలుతుంది, పిల్లల్ని కప్పు ఎక్కనివ్వకు. పెట్రోలు బంకులో సెట్ ఆపెయ్యి. పిడుగులు పడుతుంటే పొలం మధ్య బండి ఆపి మాట్లాడటం వద్దు.

పరీక్షకి చదువుతూనే ఈ వైరింగ్, యాంటెనా పని పూర్తి చేసుకోవచ్చు. నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, ఫ్యూజు హోల్డరు, గ్రామెట్లు, రబ్బరు టేపు కొని పెట్టుకో. మీటరు నా దగ్గర ఉంది, తెచ్చుకోనక్కర్లేదు. కప్పుకి డ్రిల్లు పెట్టేముందు మాత్రం బండి ఖాళీ చేసి ఇక్కడికి తీసుకురా. లోపల లైనింగ్ విప్పి, అడ్డపట్టీ, లైటు తీగలు ఎక్కడున్నాయో చూసి నేనే గుర్తు పెడతాను.

మీ మామయ్య