అరశ్రుతి దించితే ఎవరి వేళ్లకి నొప్పి?

పక్కవాద్యం: మీ ప్రశ్నలు, ఒక పాత కీబోర్డు వాయిద్యగాడి జవాబులు

ఈమధ్య విజయవాడలో జరిగిన ఒక పెద్ద గాయకుడి కచేరీ టీవీలో వచ్చింది కదా, అప్పట్నుంచి ఉత్తరాలన్నీ దాని మీదే. విచిత్రం ఏంటంటే పాడినాయన గురించి అడిగినవాళ్లు తక్కువ, ఆయన వెనకాల కూర్చున్నవాళ్ల గురించి అడిగినవాళ్లు ఎక్కువ. ముప్పయ్యేళ్లు అలా వెనకాల కూర్చున్నవాణ్ణి కాబట్టి నాకైతే చాలా ఆనందంగా ఉంది. ఒక్కోటీ చూద్దాం.

*ప్రశ్న: ఆ కచేరీలో పాటలు బాగానే ఉన్నాయి గానీ సినిమాలో విన్నట్టు లేవు. ఏదో బరువుగా, కిందకి దిగినట్టు అనిపించింది. శ్రుతి తగ్గించి పాడారని మా అన్నయ్య అంటాడు. అలా తగ్గిస్తే ఆర్కెస్ట్రా వాళ్లకి కష్టం కదా అంటే, కీబోర్డులో బటన్ నొక్కితే అయిపోతుందన్నాడు. నిజమేనా? (బ్రాడీపేట, గుంటూరు నుంచి)*

మీ అన్నయ్య చెప్పింది నిజమే, కాకపోతే అది నా ఒక్కడికే వర్తిస్తుంది. ఆ బటన్ పేరు ట్రాన్స్‌పోజ్. మైనస్ ఒకటి పెడితే నేను ఎప్పుడూ వాయించే మెట్ల మీదే వాయిస్తాను, శబ్దం మాత్రం అరశ్రుతి, అంటే నలుపూ తెలుపూ కలిపి లెక్కేస్తే ఒక్క మెట్టు, కింద పలుకుతుంది, నా వేళ్లకి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. అందుకే రిహార్సల్లో గాయకుడు "గొంతు కొంచెం బరువుగా ఉంది, అర దించుదామా" అనగానే కీబోర్డువాడు "ఓ, దానికేం సార్" అనేస్తాడు, మిగతా అందరూ వాడి వంక కొరకొరా చూస్తారు.

ఎందుకు చూస్తారో చెప్తాను. మన దగ్గర శ్రుతిని అంకెల్లో చెప్పుకుంటాం. సి అంటే ఒకటి, సి షార్ప్ ఒకటిన్నర, డి అంటే రెండు, అలా పైకి. హార్మోనియం మెట్ల లెక్క ఇది, తెనాలి పక్క పద్యనాటకాల్లో వాయించినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఒక పాట రెండు శ్రుతి మేజర్ స్కేల్లో ఉందనుకోండి. సినిమా వయొలిన్‌కి నాలుగు తీగలు జి, డి, ఎ, ఇ. ఆ స్కేల్లో ఈ నాలుగూ ఉంటాయి, వేలు పెట్టకుండా తీగ మీద విల్లు లాగినా స్వరం పలుకుతుంది, మిగతా తీగలు కూడా దానితో కలిసి గుంయ్‌మంటాయి, ఆ మెరుపంతా అక్కణ్ణుంచే వస్తుంది. ఇప్పుడు అదే పాటని ఒకటిన్నరకి దించండి. నాలుగు తీగల్లో ఒక్కటంటే ఒక్కటి కూడా ఆ స్కేల్లో పడదు! ప్రతి స్వరానికీ వేలు నొక్కాల్సిందే. చెయ్యి మొత్తం మారిపోతుంది, శబ్దం కాస్త మూసుకున్నట్టు వస్తుంది. మీకు బరువుగా అనిపించిందన్నారే, అందులో గాయకుడి గొంతు వాటా కొంతైతే ఇది కొంత.

ఫ్లూటు ఆయన సంచిలో పదీ పదిహేను వేణువులు ఎందుకు ఉంటాయో ఇప్పుడు అర్థమవుతుంది. శ్రుతి మారితే వేణువే మారాలి. శ్రుతి దిగేకొద్దీ వేణువు పొడుగవుతుంది, రంధ్రాల మధ్య ఎడం పెరుగుతుంది, పై శ్రుతిలో గలగలా వాయించేసిన బిట్ కింది శ్రుతి వేణువు మీద వేళ్లు చాపుకుని వాయించాలి. సితార్ ఆయన సంగతి ఇంకా ఘోరం, పై తీగలు సరే, వాటి అడుగున పదో పన్నెండో తరఫ్ తీగలుంటాయి, మీటకపోయినా పై తీగలతో కలిసి వాటంతటవే మోగేవి, అవన్నీ మళ్లీ శ్రుతి చేసుకోవాలి, ఆ తర్వాతి పాట మళ్లీ రెండు శ్రుతిలో ఉంటే మళ్లీ మొదటికే. తబలా ఆయన తెలివైనవాడైతే రెండు మూడు కుడి తబలాలు తెచ్చుకుంటాడు. లేకపోతే యాంకరు మాట్లాడే ఆ రెండు నిమిషాల్లో సుత్తి పట్టుకుని ఠక్ ఠక్‌మని కొట్టుకుంటూ ఉంటాడు. టీవీలో యాంకరమ్మ మాటల వెనక సన్నగా ఆ శబ్దం వినపడుతుంది, ఈసారి గమనించండి.

దించడం తప్పేం కాదు సుమా. ముప్పయ్యేళ్ల వయసులో పాడిన పాటని డెబ్భై ఏళ్ల గొంతుతో అదే శ్రుతిలో పాడమంటే ఎలా? పాడలేక పీలగా అరవడం కంటే దించి నిండుగా పాడటమే మర్యాద. నా గొడవల్లా, అదేదో రిహార్సల్ రోజే చెప్పమని, వేదికెక్కి మైకు పట్టుకున్నాక వెనక్కి తిరిగి బొటనవేలు కిందికి చూపించొద్దని.

సినిమాలో విన్నట్టు లేకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది, తలకాయల లెక్క. ఆ రోజుల్లో మద్రాసు స్టూడియోల్లో పాట రికార్డింగంటే వయొలిన్లే గుంపుగా కూర్చునేవాళ్లు, వాటి కింద ఇంకా లావు గొంతుతో పలికే వయోలా, చెల్లో, డబుల్ బేస్, అందరూ ఒకేసారి వాయిస్తుంటే గాయకుడు పాడేవాడు. ఇప్పుడు వేదిక మీద మహా అయితే నలుగురు వయొలిన్లు. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్నది ఆర్కెస్ట్రా నడిపించేవాడి తెలివి. జనం ఇంట్లో కూనిరాగం తీసే ఫ్లూటు బిట్ పోతే ఊరుకోరు, అది ఉండి తీరాలి. లోపలి చెల్లో లైను ఎవరికీ గుర్తుండదు, అందుకని అది నా ఎడమచేతికి వస్తుంది. గుర్తుండదు గానీ, తీసేస్తే మాత్రం ఏదో తక్కువైందని అందరికీ తెలిసిపోతుంది. మీరూ అదే పట్టుకున్నారు.

*ప్రశ్న: టీవీ కచేరీల్లో వాళ్లు నిజంగా వాయిస్తారా, లేక రికార్డు పెట్టి నటిస్తారా? అందరి చెవుల్లో ఆ ఇయర్‌ఫోన్లు చూస్తే అనుమానం వస్తోంది. (పటమట, విజయవాడ)*

రెండూ జరుగుతాయి. కొన్ని ప్రోగ్రాముల్లో మొత్తం ట్రాకే, వేదిక మీద చేతులు ఊపడమే, నేనూ ఊపాను, సిగ్గేం లేదు, డబ్బులిచ్చారు. కానీ ఇయర్‌ఫోన్లు చూసి అనుమానించకండి, అవి పెట్టుకున్నారంటే నిజంగా వాయిస్తున్నారని అనుకోవడానికే ఎక్కువ ఆస్కారం.

ధ్వని సెకనుకి దాదాపు 340 మీటర్లు వెళ్తుంది. వేదిక ఆ చివర డ్రమ్స్, ఈ చివర వయొలిన్లు, మధ్యలో 17 మీటర్లు ఉందనుకోండి, డ్రమ్ దెబ్బ వయొలిన్ అమ్మాయి చెవికి చేరేసరికి సెకనులో 20వ వంతు గడిచిపోతుంది. నిమిషానికి 120 దెబ్బలు పడే పాటలో దెబ్బకీ దెబ్బకీ మధ్య ఉండేదే అర సెకను. అందులో పదో వంతు ఆలస్యం! పైగా స్పీకర్ల మోత, జనం ఈలలు. చెవిలో పెట్టుకుంటే అందరికీ ఒకేసారి వినపడుతుంది. అందులోనే లయ తప్పకుండా టక్ టక్ టక్‌మని క్లిక్ వస్తుంది, "రెండో చరణం లేదు, పల్లవికి వెళ్లండి" అని కండక్టర్ మాటలూ వస్తాయి. ఒక్కోసారి "బిర్యానీ వచ్చింది" అని కూడా.

ఎక్కువగా జరిగేది సగం సగం. కోరస్ గొంతులు, తీసుకురాలేని వాద్యాలు ల్యాప్‌టాప్‌లోంచి వస్తాయి, మిగతావి మేం వాయిస్తాం. చిక్కెక్కడంటే ల్యాప్‌టాప్‌కి చెవులుండవు. గాయకుడికి ఊపొచ్చి ఒక సంగతి ఇంకో రెండు ఆవర్తాలు పొడిగించాడంటే మేం ఆయన వెంట వెళ్తాం, అది వెళ్లదు, దాని మానాన అది ఇంటర్లూడ్, అంటే చరణానికి ముందొచ్చే వాద్యాల బిట్, మొదలుపెట్టేస్తుంది. అందుకే పెద్దవాళ్లలో కొందరు ఇప్పటికీ ట్రాక్ వద్దంటారు.

*ప్రశ్న: మా మేనల్లుడు అలాంటి ఒక కచేరీలో గిటార్ వాయించాడు. ఒక్క సాయంత్రానికి డబ్బులిచ్చారు. ఆ ప్రోగ్రాం టీవీలో మూడుసార్లు వేశారు, యూట్యూబులో కూడా పెట్టారు, ఎక్కడా వాడి పేరు లేదు. అడిగే హక్కుందా? (తెనాలి)*

పేరు సంగతి ముందు. కాపీరైట్ చట్టంలో పెర్ఫార్మర్ అనే మాటలోకి గాయకుడితో పాటు వాద్యకారుడూ వస్తాడు. ఆయన ప్రదర్శనని రికార్డు చెయ్యాలన్నా, ప్రసారం చెయ్యాలన్నా ఆయన ఒప్పుకోవాలి, ఆ హక్కు 50 ఏళ్లుంటుంది. 2012లో చట్టాన్ని సవరించినప్పుడు, వాయించింది ఫలానా వాడు అని చెప్పించుకునే హక్కు కూడా కలిపారు. కాబట్టి అడగొచ్చు. ఇది పెద్ద కష్టమైన పనేం కాదండీ, "పాడుతా తీయగా" 1996లో మొదలైనప్పట్నుంచీ బాలుగారు వాద్యకారుల్ని పేరుపేరునా పిలిచి చూపించేవారు, దానివల్ల ప్రోగ్రాం ఎక్కడా ఆగిపోలేదు.

డబ్బుల విషయానికొస్తే, మీవాడు ఏ కాగితం మీద సంతకం పెట్టాడో చూడాలి. బత్తా తీసుకునే హడావిడిలో ఒక ఫారం మీద పెట్టించేసుకుంటారు, అందులో ఎన్నిసార్లయినా, ఎక్కడైనా వేసుకోవచ్చని ఉందేమో. ఉంటే చదివి చెప్పగల లాయరుకి చూపించండి. ఈసారి నుంచి మాత్రం ఒక్క ప్రసారానికా, మళ్లీమళ్లీ వేస్తారా, యూట్యూబుకి కూడానా అని ముందే అడిగి, కనీసం వాట్సాప్‌లోనైనా రాయించుకోమనండి. పన్ను కింద టీడీఎస్ కోసుకుంటే దాని సర్టిఫికెట్టు కూడా. ఒక ఆర్గనైజర్ నాకు సగం ఇచ్చి, మిగతా సగం "సోమవారం రండి" అన్నాడు. ఏ సోమవారమో చెప్పలేదు, నేనూ అడగలేదు, పన్నెండేళ్లయింది.

*ప్రశ్న: వాద్యకారులందరూ నల్లబట్టలే ఎందుకు వేసుకుంటారు? (మంగళగిరి)*

గాయకుడు కనపడాలని. ఇంకోటి, సన్నగీతల చొక్కా, చిన్న గళ్ల చొక్కా కెమెరాలో పురుగులు పాకినట్టు మెరుస్తుంది. నల్లదైతే ఆ గొడవా లేదు, ఇస్త్రీ లేకపోయినా తెలియదు.

*ప్రశ్న: మా అమ్మాయి ఆరేళ్లుగా కర్ణాటక వయొలిన్ నేర్చుకుంటోంది. ఇంజనీరింగ్ రెండో ఏడాది. ఆ కచేరీలో వయొలిన్ వాయించే ఆడపిల్లల్ని చూసి, నేనూ ఆర్కెస్ట్రాలో చేరతానంటోంది. నాకు టెన్షన్‌గా ఉంది. (వన్‌టౌన్, విజయవాడ)*

టెన్షన్ పడకమ్మా, కానీ పిల్ల ఏం మార్చుకోవాలో తెలుసుకో. కర్ణాటకంలో కింద కూర్చుని, వయొలిన్ తలని పాదానికి ఆనించి, తీగల్ని స-ప-స-ప అని గాయకుడి శ్రుతికి కట్టుకుని వాయిస్తారు. ఆర్కెస్ట్రాలో కుర్చీలో కూర్చుని గడ్డం కింద పట్టుకోవాలి, తీగలు జి-డి-ఎ-ఇ, ఏ శ్రుతి వచ్చినా తీగలు మారవు, వేళ్లే మారతాయి. అన్నిటికంటే ముఖ్యం స్టాఫ్ నోటేషన్, అంటే అయిదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి, ఆ కాగితం చూసి అప్పటికప్పుడు వాయించగలగాలి. లండన్ ట్రినిటీ వాళ్ల పరీక్షలు 8 గ్రేడుల దాకా ఉంటాయి, అయిదో గ్రేడు దాకా వస్తే చాలావరకు భయం పోతుంది. అలా అని నేర్చుకున్నది వదలొద్దు. గమకం పలకాల్సిన బిట్ వచ్చినప్పుడు కాగితం మాత్రమే వచ్చినవాళ్లు ఆగిపోతారు, మీ అమ్మాయి ఆగదు.

జీతం సంగతి దాచకుండా చెప్తాను. 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి మొదలైంది, తర్వాత బాలమురళీకృష్ణగారంతటివారు అక్కడ పనిచేశారు. నిలయ విద్వాంసుడంటే అప్పట్లో సంగీతం వాయించుకుంటూ నెల తిరిగేసరికి జీతం తీసుకునే ఉద్యోగం. ఆర్కెస్ట్రా పని అలా కాదు, ప్రోగ్రాంకి ఇంత అని. మాఘం, వైశాఖం పెళ్లిళ్లు, చవితి పందిళ్లు, దసరా ఉంటే చేతినిండా పని, ఆషాఢం వస్తే పెట్టె మీద దుమ్ము దులుపుకోవడమే. అందుకని డిగ్రీ పూర్తిచెయ్యమను. ఈలోగా ఆకాశవాణి ఆడిషన్‌కి కూర్చోమను, బి గ్రేడు వచ్చినా అదొక గుర్తింపు. శని, ఆదివారాలు ఊళ్లో ఏదో ఒక ఆర్కెస్ట్రాతో రిహార్సల్‌కి పంపు, మొదటి మూడు నెలలు వాయించకపోయినా కూర్చుని వినమను. రాత్రి ప్రోగ్రాం అయ్యాక ఇంటికి ఎవరు దింపుతారన్నది మాత్రం ముందే మాట్లాడుకో, అది సంగీతం కంటే ముందు.

*ప్రశ్న: మీరెప్పుడైనా వేదిక మీద తప్పు వాయించారా? నిజం చెప్పాలి. (లక్ష్మీపురం, గుంటూరు)*

ఎప్పుడైనా ఏంటి బాబూ. ఒకటి చెప్తాను, పైన ట్రాన్స్‌పోజ్ గురించి గొప్పలు పోయాను కదా, దానిదే.

గుంటూరులోనే, టీవీ రికార్డింగ్. ఆ గాయకుడు ఒక పాటకి అర దించమన్నారు, మైనస్ ఒకటి పెట్టాను, పాట బ్రహ్మాండంగా వచ్చింది. తర్వాతి పాట అసలు శ్రుతిలో. ప్రెల్యూడ్, అంటే పాటకి ముందొచ్చే బిట్, కీబోర్డుదే, నేనొక్కణ్ణే నాలుగు బార్లు, అంటే నాలుగు తాళం చుట్లు, వాయించాలి, తర్వాత ఫ్లూటు, వయొలిన్లు కలుస్తాయి. ట్రాన్స్‌పోజ్ తియ్యడం మర్చిపోయాను. ఒక్కణ్ణే వాయిస్తున్నంతసేపూ నాకే కాదు, ఎవరికీ తెలియలేదు, అది ట్రాన్స్‌పోజ్ గొప్పతనం. అయిదో బార్లో అందరూ కలిశారు. అబ్బా, ఆ శబ్దం ఇప్పటికీ నిద్రలో వినపడుతుంది. ఫ్లూటు ఆయన తన వేణువు తప్పనుకుని కంగారుగా సంచిలో చెయ్యి పెట్టాడు పాపం. గాయకుడు వెనక్కి తిరిగి చూశారు, ఏమీ అనలేదు, నవ్వి మైకులో "ఇంకోసారి వింటారా" అని జనాన్ని అడిగి మళ్లీ మొదలుపెట్టించారు. రెండోసారి కంగారులో ఇంకో మెట్టు నొక్కాను. ఎలాగోలా పాట గట్టెక్కింది.

అర్ధరాత్రి ఒంటిగంటకి జనమంతా వెళ్లాక, కుర్చీలు ఎత్తేవాళ్లు ఎత్తుతూ ఉండగా, డైరెక్టరుగారు నా ఒక్కడి చేత ఆ నాలుగు బార్లూ మళ్లీ వాయించి రికార్డు చేసుకున్నారు. నెల తర్వాత టీవీలో వచ్చింది. ఆ ప్రెల్యూడ్ అవ్వగానే హాలంతా చప్పట్లు, ఎక్కణ్ణుంచి తెచ్చి అతికించారో మరి. మా ఆవిడ చూసి "మీకే కొట్టారండీ, చూశారా" అంది. నేను వెళ్లి ఇంకో కాఫీ పెట్టుకున్నాను.