క్లోరిన్ వేస్తున్నా రోగాలు ఎందుకు పోవట్లేదంటే, ముందు సంపు గోడ తడిమి చూడండి

ప్రతి వారం ట్యాంకులో క్లోరిన్ బిళ్ళలు వేస్తున్నాం, నీళ్ళు తేటగానే ఉన్నాయి, అయినా పిల్లలకు మాటిమాటికీ మోషన్స్ ఎందుకవుతున్నాయని మీలో ఒకరు అడిగారు. నేను డాక్టర్‌ని కాదు. హైదరాబాద్‌లో మల్కాజిగిరి వైపు ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌కి తొమ్మిదేళ్ళుగా ట్రెజరర్‌ని. మోటారు కాలినా, ట్యాంకర్ రాకపోయినా తిట్లు నాకే. ఆ అనుభవంతో చెప్తున్నా, మీ శత్రువు నీళ్ళలో లేదు, గోడకి అంటుకుని ఉంది.

2019 ఎండాకాలం. నల్లా రోజు విడిచి రోజు, అదీ అర్ధరాత్రి. మిగతాదంతా ట్యాంకర్లే. ఒకే వారంలో నాలుగు ఫ్లాట్లలో వాంతులు, విరేచనాలు. రెండో అంతస్తులో ఒక బాబుకి రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. నేను వెంటనే బ్లీచింగ్ పౌడర్ తెప్పించి మామూలుగా వేసేదానికి రెట్టింపు కలిపించాను. అన్నం కూడా బ్లీచింగ్ వాసనే వస్తోందని ఆడవాళ్ళందరూ నన్ను కడిగేశారు. నాలుగు రోజులకి వాసన పోయింది, మళ్ళీ రెండిళ్ళలో మోషన్స్ మొదలయ్యాయి.

పైపులో మోరీ నీళ్ళు కలిశాయని అందరూ తేల్చేశారు. నాకు నమ్మకం కుదరలేదు. చుక్కలు వేస్తే క్లోరిన్ ఉన్న నీళ్ళు పసుపు రంగు తిరిగే కిట్ ఒకటి తెచ్చాను. అర్ధరాత్రి నల్లా దగ్గర పట్టిన నీళ్ళు పసుపు తిరిగాయి. అవే నీళ్ళు పొద్దున వంటింటి కుళాయిలో పడితే రంగే లేదు. రాత్రికి రాత్రి క్లోరిన్‌ని ఎవరు తాగేశారు?

సంపు కడిగే కుర్రాడిని పిలిచాం. నీళ్ళన్నీ తోడించి, చాలాసేపు మూత తెరిచి ఉంచాకే దింపాను. మూసి ఉన్న సంపులోకి అలాగే దిగి ఊపిరాడక మనుషులు పోతుంటారు, దయచేసి తొందరపెట్టకండి. దిగినవాడు కిందనుంచి కేకేశాడు, "సార్, గోడ ముట్టి సూడుర్రి, సబ్బు లెక్క జారుతున్నది!" గీకితే అరచేతి వెడల్పున జిగురు పొర ఊడి వచ్చింది, గంజి మీద కట్టే తెట్టులాగా. అంతకుముందు ఆరేళ్ళూ మేము సంపు కడిగించడమంటే అడుగున బురద ఎత్తించడమే. గోడ మీద బ్రష్ పెట్టినవాడు లేడు.

ఆ పొరనే బయోఫిల్మ్ అంటారు. మనకి అంతకన్నా మంచి మాట ఉంది, పాచి. పంటి మీదదీ పాచే, తొట్టిలోదీ పాచే, నిజానికి రెండూ ఒకే తరహా. సూక్ష్మజీవులు గోడకి అంటుకుని, తమ చుట్టూ తామే జిగురు కట్టుకుని, అందులో కాపురం పెడతాయి. క్లోరిన్ ఆ జిగురుతో కలియబడి పైపొరలోనే ఖర్చయిపోతుంది, లోపలివాటికి చేరేది తక్కువ. కాస్త నీటి ఒరవడి పెరగ్గానే ఆ పొరలోంచి ముద్దలు ఊడి మన బిందెలోకి వస్తాయి. 1680ల్లోనే లీవెన్‌హుక్ అనే డచ్ బట్టల వ్యాపారి తన పంటి పాచిని సూక్ష్మదర్శినిలో చూసి, వెనిగర్‌తో పుక్కిలిస్తే పైనున్న పురుగులే చచ్చాయి, లోపలివి బతికే ఉన్నాయని రాశాడు. మూడు వందల ఏళ్ళు దాటినా మనం ఇంకా పుక్కిలిస్తూనే ఉన్నాం, పళ్ళు తోమట్లేదు.

కలరా క్రిమి ఇంకా గడుసుది. నీళ్ళలో ఉండే నలకంత రొయ్యలాంటి జీవుల పెంకు మీద ఇలాగే పాచి కడుతుంది. అలా ముద్దగా కడుపులోకి పోతే జీర్ణాశయంలోని యాసిడ్‌ని కూడా తట్టుకుంటుంది. బంగ్లాదేశ్ పల్లెల్లో అమెరికా శాస్త్రవేత్త రీటా కోల్వెల్ బృందం పాత చీరని కనీసం నాలుగు మడతలు వేసి నీళ్ళు వడకట్టిస్తే కలరా దాదాపు సగానికి తగ్గింది. 2003లో అచ్చయింది ఆ సంగతి. విడిగా ఉన్న క్రిమి అయితే చీరలోంచి జారిపోతుంది, పెంకుకి అంటుకున్నది మాత్రం గుడ్డకి చిక్కుతుంది. మా అమ్మమ్మ బిందె మూతికి పాత నేతచీర కట్టేది. చాదస్తమని మేము నవ్వేవాళ్ళం.

మా దగ్గర ఆ రోజు నాలుగు గోడలూ, మూతకి లోపలి వైపూ గట్టి బ్రష్‌తో తోమించి, ఆ నీళ్ళన్నీ బయటికి తోడించి, అప్పుడు బ్లీచింగ్ నీళ్ళు పట్టించి మళ్ళీ కడిగించాను. పైన ట్యాంకులకీ అంతే. తర్వాత వంటింటి కుళాయి నీళ్ళు కూడా పసుపు తిరిగాయి, ఆ ఏడు మళ్ళీ ఎవరూ జబ్బు పడలేదు. కాబట్టి బిళ్ళలు మానకండి, కానీ తోమకుండా వేస్తే డబ్బు దండగ. వేసినా తాగే నీళ్ళు కాచుకోండి, పిల్లలు నీరసిస్తే ఓఆర్‌ఎస్ పడుతూ డాక్టర్‌కి చూపించండి.

"మాకు ఆర్‌ఓ ఉంది" అనేవాళ్ళకి ఒక మాట. అందులోని కార్బన్ ఫిల్టర్, నీళ్ళలో మిగిలిన క్లోరిన్‌ని కూడా లాగేస్తుంది. ఆ నీళ్ళు చిన్న డబ్బాలో రోజంతా నిలవుంటాయి, పాచికి అంతకన్నా ఏం కావాలి? కుళాయి మూతి లోపల దూది పుల్ల తిప్పి చూడండి. ఇక ఇళ్ళకొచ్చి టీడీఎస్ మీటర్ ముంచి భయపెట్టే అమ్మకందార్లని చూస్తే నాకు ఒళ్ళు మంట. అది కొలిచేది కరిగిన ఉప్పుల్ని, క్రిముల్ని కాదు.

మా మూడో అంతస్తు ఆయన మాత్రం సంపు కడిగించడానికి మూడు వందలు ఇవ్వనని ఇప్పటికీ మొండికేస్తాడు. వాళ్ళింట్లో టీడీఎస్ ఎనభైయే ఉందట.